మిగతా సరోజనక్క ఇంట్లో

మొన్న ఒక సాయంత్రం హనుమకొండ చౌరస్తాలో మిరపకాయ బజ్జీలు కొన్నాను. నూనె పదార్థాలు మానేయమని డాక్టరు చెప్పి చాలా కాలమే అయింది గానీ, బజ్జీలోని నూనెలో సగం పొట్లం కాగితమే తాగేస్తుంది కదా, మిగిలిన సగానికి పెద్ద దోషం ఉండదులే అని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఆటోల హారన్ల మధ్య బండి పక్కన నిలబడి తింటున్నాను. శనగపిండి, వాము, మాడిన నూనె వాసనల కింద నుంచి ఇంకో వాసన సన్నగా లేచి వచ్చింది. పాత కాగితం, తుప్పు పట్టిన పిన్ను, ఎవరి ఇంటి అటక మీదో కలరా ఉండలతో ఏళ్ల తరబడి కాపురం చేసిన వాసన. బజ్జీలు పక్కకు జరిపి చూస్తే అది ఏదో పాత వారపత్రిక పేజీ. నూనెకు కాగితం అద్దంలా మారి, అటు పక్క అక్షరాలు ఇటు పక్క అక్షరాలతో కలిసిపోయినా ఒక వాక్యం మాత్రం స్పష్టంగా కనిపించింది: "సుజాత గుమ్మం దగ్గరే ఆగిపోయింది." ఎందుకు ఆగిందా అని కిందికి పోతే, ఆమె చేతిలో కొత్త ఉద్యోగపు కాగితం, లోపలి గదిలో జ్వరంతో మూలుగుతున్న మామగారు, ఇవేమీ పట్టనట్టు పెరట్లో పళ్లు తోముకుంటున్న భర్త. సరిగ్గా అక్కడ, కింద మూలన, "మిగతా 46వ పేజీలో."

"అన్నా, దీని తర్వాతి కాగితం ఉన్నదా?" అని బజ్జీల అతన్ని అడిగాను.

"ఇంకో ప్లేట్ గట్టాల్నా మేడం?"

"బజ్జీలు కాదు, కాగితం."

అతను నావైపు జాలిగా చూశాడు. "అది ఎవరి పొట్లంల వోయిందో ఏం తెలుస్తది మేడం. జర పక్కకు జరుగుండ్రి, గిరాకీ ఉన్నది."

జరిగాను. జరుగుతూ నవ్వుకున్నాను. ఎందుకంటే చిన్నప్పుడు ఏ కథ సగంలో ఆగినా మాకు ఇలాంటి జవాబే వచ్చేది, కాకపోతే చిరునామాతో సహా వచ్చేది: "మిగతా సరోజనక్క ఇంట్ల ఉన్నది."

మా ఇల్లు మట్టెవాడలో ఒక సందు చివర ఉండేది. ముందు గదిలో రెండు మగ్గాలు, ఒకటి మా బాపుది, ఒకటి చిన్నాయనది. ఇద్దరూ జంపఖానాలు నేసేవాళ్లు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ చారల జంపఖానాల మీద ఊరంతా పెళ్లిళ్లు చేసుకునేది గానీ, మా ఇంట్లో పరుచుకోవడానికి మాత్రం రంగు తప్పిన ముక్కలే ఉండేవి. కళ్లు మూసుకుని కూర్చున్నా ఏ కాలం నడుస్తున్నదో ముక్కు చెప్పేది. ఎండాకాలంలో రంగు నీళ్ల గోళెంలోంచి లేచే ఆవిరి, దాని పక్కనే చాటల్లో ఎండుతున్న తొక్కు మామిడి ముక్కల పులుపు. వానాకాలంలో ఎంతకీ ఆరని నూలు చిలపల ముక్కిన వాసన, పొయ్యిలో కాలుతున్న మక్కకంకుల తీపి. చలి మొదలైతే అడుగంటిన సర్వపిండి కమ్మదనం. సర్వపిండి గిన్నెను బోర్లించి గీకి తీసే ఆ మాడు పొర కోసం పిల్లలం చేసుకున్న యుద్ధాలు రాస్తే పెద్ద గ్రంథమవుతుంది, అందులో నేను ఓడిన ఘట్టాలే ఎక్కువ.

మగ్గం మగవాళ్లదైతే కండెలు ఆడవాళ్లవి. నేసేటప్పుడు అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్టను కండె అంటారు. ఇంట్లో ఆడవాళ్లు రాట్నం తిప్పుతూ రోజంతా కండెలు చుడుతూనే ఉండాలి. కండె ఆగితే నాడె ఆగుతుంది, నాడె ఆగితే మగ్గం, మగ్గం ఆగితే పొయ్యి. ఈ వరుస మాకు ఎక్కాలకన్నా ముందే వచ్చేది.

మధ్యాహ్నం మగవాళ్లు అన్నాలు తిని కాసేపు నడుం వాల్చినప్పుడు ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యేది. పొద్దుటి నుంచి టకటకమన్న మగ్గాలు ఆగిపోతే చెవుల్లో దూది పెట్టినట్టుండేది. ఆ నిశ్శబ్దంలో వెనక వసారాలో రాట్నాల సన్నటి గరగర, దాని మీద మా చిన్నమ్మ గొంతు మొదలయ్యేవి. చిన్నమ్మ పేరు విమల, చిన్నాయన భార్య. తొమ్మిదో తరగతి పూర్తయీ కాకముందే పెళ్లయి మా ఇంటికి వచ్చింది. మా ఇంటి ఆడవాళ్లలో గడగడా చదవగలిగింది ఆమె ఒక్కతే. మా అమ్మ కూడబలుక్కుని చదివేది. బాపు తల్లి, అంటే మా బాపమ్మ, అక్షరం ముఖం చూసింది కాదు, కానీ అక్షరం చెప్పే మాటను ఆమె తూచినట్టు ఇంకెవరూ తూచలేరు. నాలుగో రాట్నం గోడ అవతలి ఇంటి సరోజనక్కది. వాళ్లదీ మగ్గం ఇల్లే. వయసులో చిన్నమ్మ ఒక్కదానికే అక్క అయినా వాడలో పిల్లలం, పెద్దలం అందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లం.

రెండిళ్లకూ కలిపి ఒకే వారపత్రిక. శుక్రవారం పొద్దున వచ్చేది. రాగానే చిన్నమ్మ కత్తెర మొనతో పిన్నులు లేపి, పత్రికను కాగితం కాగితంగా విడదీసేది. పై వరుస కాగితాలు మాకు, లోపలి వరుస సరోజనక్కకు. మరుసటి వారం తారుమారు. సరోజనక్క అత్తగారికి కాళ్లు సరిగా లేవు, గోడ దాటి రాలేదు, ఆమెకు సరోజనక్క ఇంట్లోనే చదివి వినిపించాలి. అందుకని రెండు మూడు రోజులు ఎవరి వాటా వారు చదువుకుని, తర్వాత గోడ మీది నుంచి మార్చుకునేవాళ్లు. దీనివల్ల ఏమయ్యేదంటే, ఒక సుజాతకు మా ఇంట్లో పెళ్లయితే ఆమె కాపురం సరోజనక్క ఇంట్లో జరిగేది. మా వాడలో కథలు కంచికి పోయేవి కావు, గోడ అవతలికి పోయేవి.

సుజాత అని ఊరికే అనలేదు. ఆ రోజుల్లో వారపత్రిక కథల్లో ప్రతి మూడో ఆమె పేరు సుజాతే. ఆ సుజాతకు తప్పకుండా ఒక అత్తగారు, ఆ అత్తగారికి ఒక దగ్గు. భర్త మంచివాడే కానీ ఆ మంచితనం కథ చివర్లో తప్ప కనిపించదు. పాలు పొంగిపోతాయి, ఆడపడుచు చెప్పాపెట్టకుండా దిగుతుంది, పక్కింటావిడ తీసుకెళ్లిన కుక్కరు తిరిగి రాదు. పెద్ద పెద్ద సాహిత్యం చదివినవాళ్లు వీటిని ఉబుసుపోక కథలు అనేవాళ్లని తర్వాత కాలేజీలో చేరాక తెలిసింది. నేనూ కొన్నాళ్లు, పక్కన ఎవరైనా వింటున్నప్పుడు, అలాగే అన్నాను. కానీ ఆ వసారాలో చూసినదాన్ని ఏ విమర్శ గ్రంథమూ నా కళ్లలోంచి చెరపలేకపోయింది. కథలో పాలు పొంగితే మా అమ్మ చెయ్యి రాట్నం మీద ఆగిపోయేది. పరాయి ఆడదాని పొయ్యి మీది పాల కోసం మా అమ్మ బాధపడేది. అంతకు మించి కథ చెయ్యాల్సిన పని ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ చదువుకు ఒక పద్ధతి ఉండేది. చదివే మనిషి చేతులు పుస్తకం పట్టుకుని ఉంటాయి కాబట్టి కండెలు చుట్టలేవు. అందుకని ఆమె వాటా కండెలు వినేవాళ్లు చుట్టాలి. తమ కండె ఒకటి నిండాక తలా ఒకటి చిన్నమ్మ గంపలో పడేసేవాళ్లు. ఎవరు పెట్టారో తెలియదు ఈ పద్ధతిని, బాపమ్మ కోడలిగా వచ్చినప్పుడు పురాణం చదివే ఆమె అత్తకు కూడా ఇలాగే చుట్టి ఇచ్చేవాళ్లట. రెండో పద్ధతి, ఒక కథ చివర ముందే తెలిసినవాళ్లు నోరు విప్పకూడదు. ఇది సరోజనక్కకు ప్రాణసంకటం. మిగతా సగం తన ఇంట్లో చదివేసి వచ్చి, మా ఇంట్లో మొదటి సగం వింటూ, చెంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది.

"ఎందుకే గట్ల నవ్వుతానవ్? అంటె ఆ పిల్ల వోదు, అంతేనా?" అని బాపమ్మ ఆరా తీసేది.

"నేనేమన్న అన్ననా అత్తమ్మా? నా మొకమే గంత."

"నీ మొకం కాదు, గా వారపత్రికకు అట్ట నీ మొకమే. అంత దాని మీదనే అచ్చు గొట్టి ఉంటది."

చదవడం ఆగిన చోట నుంచి వాదన మొదలయ్యేది. కథనం అయ్యాక కదనం అన్నమాట. సుజాత ఏం చెయ్యాలి? పుట్టింటికి పోవాలా, మొగుడితో మాట్లాడాలా, ఉప్పు ఎక్కువ వేసి అన్నం పెట్టాలా? మా అమ్మ ఎప్పుడూ సర్దుకుపొమ్మనేది. సరోజనక్క ఎప్పుడూ పొమ్మనేది. బాపమ్మ ఆకులో సున్నం రాసుకుంటూ అందరి మాటా విని చివర్లో తీర్పు చెప్పేది. వేలికి మిగిలిన సున్నం తుడుచుకోవడానికి ఆమెకు ఒక చిన్న కాగితం ముక్క కావాలి. చేతికందిన కాగితం కింది మూల చటుక్కున చింపేది. అచ్చు ఉన్న చోట చింపకూడదని ఆమెకు తెలుసు. కింది మూలన ఏవో అంకెలు తప్ప ఏమీ ఉండవు కాబట్టి అక్కడే చింపేది. అలా మా ఇంట్లో ఏ కాగితానికీ పేజీ నంబరు మిగిలేది కాదు.

ఆ ఏడాది వానలు తగ్గుతున్నప్పుడు చిన్నమ్మ ఒక మాట అన్నది. మా వాడకు అంగన్‌వాడీ వస్తుందట, పది పాసైన ఆడవాళ్లను తీసుకుంటారట. ప్రైవేటుగా పది పరీక్ష రాస్తానని, దరఖాస్తు దీపావళి తర్వాత కొద్ది రోజుల్లోపు పెట్టాలని. తడిబట్టలు పిండుతూ, ఎవరికో చెప్తున్నట్టు దండెం వైపు చూస్తూ అన్నది. మా చిన్నాయన మగ్గం మీద ఎంత చప్పుడు చేసేవాడో మగ్గం దిగితే అంత నిశ్శబ్దం. ఆయన తల్లివైపు చూశాడు. బాపమ్మ వెంటనే అన్నది:

"నువ్వు పుస్తకం వట్టుకోని కూసుంటే నీ మొగని మగ్గానికి కండెలు ఎవరు చుడ్తరే? నీ పంతులొచ్చి చుడ్తడా?"

చిన్నమ్మ బట్టలు ఆరేసి లోపలికి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. బాపమ్మ మాట కఠినమైనదే గానీ అబద్ధం కాదు, అదే అందులోని చిక్కు. ఒక మగ్గానికి ఒక ఆడమనిషి చేతులు పూర్తిగా కావాలి. ఆ రోజు మధ్యాహ్నం చిన్నమ్మ కథ చదివింది గానీ, ఆమె గొంతు ఎక్కడో వెనకబడిపోయి, పదాలు మాత్రమే నడిచి వచ్చినట్టుగా ఉండింది. పిల్లదాన్ని నాకే తెలిసింది, బాపమ్మకు తెలియకుండా ఉంటుందా?

తర్వాత బతుకమ్మ వచ్చింది. సందులన్నీ తంగేడు పూల పసుపు, గునుగు పూల తెల్లదనం. గునుగుకు రంగు అద్దాలంటే మగ్గాల ఇళ్లకు మించినవాళ్లు ఎవరు? మా గోళెంలో నూలుతో పాటు పూలు కూడా ఎర్రగా, నీలంగా మునిగి లేచేవి. నువ్వుల సద్ది, పెరుగు సద్ది, బెల్లం నెయ్యి కలిపి దంచిన మలీద ముద్దలు. ఆ ముద్దల్లో పెద్దది ఎవరికి వస్తుందన్న దానిపై నా దృష్టి ఉండడం వల్ల పాటలు ఇప్పటికీ నాకు సగమే వచ్చు. సరోజనక్క పండుగకు తల్లిగారింటికి మరిపెడ పోయింది. పోయేటప్పుడు తన దగ్గరున్న కాగితాలన్నీ గోడ మీది నుంచి మాకు అందించి పోయింది. పండుగ హడావిడిలో ఎవరూ చదవలేదు. పాత వారం, కొత్త వారం కాగితాలు ఒకే కట్టగా కండెల గంప కింద పడి ఉన్నాయి, మూలలకు నంబర్లు లేకుండా.

పండుగ అయ్యాక ఒక మధ్యాహ్నం చిన్నమ్మ ఆ కట్ట తీసింది. మొదటి కథలోనే సుజాత. ఈ సుజాత పెళ్లి వల్ల ఆగిపోయిన చదువును మళ్లీ మొదలుపెట్టి పరీక్షకు కట్టింది. అత్తగారికి ఇష్టం లేదు. పరీక్ష రోజు పొద్దున ఇంట్లో పని కొండలా ఉంది. సుజాత వంటింట్లో నిలబడి గడియారం వైపు చూస్తోంది. మిగతా ఏదో పేజీలో.

వసారాలో ఎవరూ వాదించలేదు. మా అమ్మ రాట్నం వైపే చూస్తోంది. బాపమ్మ సున్నం డబ్బీ మూత తీసి మళ్లీ పెట్టేసింది. చిన్నమ్మ కట్టలో వెతికి, సుజాత పేరుతో మొదలైన ఇంకో కాగితం తీసి చదవసాగింది.

అందులో అత్తగారు గుమ్మంలోకి వచ్చి అంటుంది, "ఇంకా ఇక్కడే ఉన్నావా సుజాతా? ఆలస్యమవుతుంది, వెళ్లు. ఇంటి సంగతి నేను చూసుకుంటాను." సుజాత కళ్లు నీళ్లతో నిండుతాయి. పట్టుచీర కట్టుకుంటుంది. అత్తగారు స్వయంగా తలలో మల్లెలు తురుముతుంది.

"పరీక్షకు పట్టుచీరనా?" అన్నది మా అమ్మ.

"కట్టుకోదా మరి?" బాపమ్మ కసిరింది. "ఎన్నేండ్లకు వోతాంది. పండుగ గాదా దానికి? నువ్వు సదువే ఇమలా."

సుజాత సాయంత్రం తిరిగి వస్తుంది. అత్తగారు మంచినీళ్లు ఇచ్చి అడుగుతుంది, "అంతా బాగా జరిగిందా? భోజనాలు బాగా పెట్టారా?"

"సర్కారోళ్లు పరీక్ష రాసేటోళ్లకు బువ్వ గూడ పెడ్తరా?" అమ్మకు మళ్లీ అనుమానం.

"పెద్ద పట్నాలల్ల పెడ్తరేమో. నీకు అన్నిటికీ అడ్డమే." కోడలి ముఖంలో వెలుగు చూసి అత్తగారి కళ్లు చెమర్చడంతో కథ అయిపోయింది. అప్పుడు బాపమ్మ తన నిండిన కండెను తీసి చిన్నమ్మ గంపలో వేసింది. మామూలుగా చేసేదే. కానీ వేశాక చెయ్యి గంప మీదే కాసేపు ఉంచింది.

మర్నాడు పొద్దున ముఖం కడుక్కుంటూ, "దరకాస్తు ఎప్పుడు వెట్టాల్నన్నవే?" అని అడిగింది. చిన్నమ్మ చేతిలోని బిందె నీళ్లు అక్కడే ఒలికిపోయాయి.

దీపావళికి ముందు వాడంతా ఇళ్లు దులుపుతున్నప్పుడు సరోజనక్క మరిపెడ నుంచి తిరిగి వచ్చింది. ఒక మధ్యాహ్నం తన రాట్నంతో పాటు ఒక కాగితం తెచ్చింది. అల్మారీ అరలో తొక్కు జాడీ కింద వాళ్ల అత్త పరిచిన కాగితమట. జాడీ అడుగు నూనె గుండ్రంగా అంటుకుని ఉంది.

"పండుగ ముంగట మీకిచ్చిన కట్టల ఇది తప్పిపోయింది," అన్నది. "గా పరీక్ష సుజాత లేదా, గామె కథ ఆఖరు ఇందులనే ఉన్నది."

"ఆఖరు మేం సదివినం గదా," అన్నది అమ్మ. "పట్టుచీర కట్టుకోని వోయింది."

"పట్టుచీరనా? అది వేరే సుజాత అక్కా! కొత్త వారంది. దోస్తు పెండ్లికి వోయినామె."

నాలుగు రాట్నాలూ ఒకేసారి ఆగిపోయాయి. మల్లెలు, భోజనాలు, అన్నీ అప్పుడు మాకు అర్థమయ్యాయి. సరోజనక్కకు చిన్నమ్మ దరఖాస్తు సంగతి ఇంకా తెలియదు. తెలిసి ఉంటే ఆ కాగితాన్ని జాడీ కిందే ఉంచి వచ్చేదని తర్వాత ఎన్నోసార్లు ఒట్టేసి చెప్పింది.

"సదువు," అన్నది బాపమ్మ.

కాగితం చిన్నమ్మ చేతికి వచ్చింది. కావాలంటే ఆ కాగితంలో లేనిది చదవవచ్చు. సరోజనక్క ఆమె ముఖం చూసి అప్పటికే ఏదో పసిగట్టి తల దించుకుంది, ఏం చదివినా అడ్డు చెప్పేది కాదు. నేను చిన్నమ్మ పక్కనే కూర్చుని ఉన్నాను. ఆమె చదివింది. ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట మింగకుండా చదివింది. సుజాత గడియారం వైపు చూస్తుంది. లోపలి నుంచి అత్తగారి దగ్గు వినిపిస్తుంది. సుజాత మనసు కరిగిపోతుంది. హాల్ టికెట్టు చింపి పొయ్యిలో వేసి, కషాయం కాచి అత్తగారికి ఇస్తుంది. "ఈ ఇల్లే నా పరీక్ష" అని చిరునవ్వు నవ్వుతుంది. అయిపోయింది.

వీధిలో ఎవరో పిల్లవాడు ముందుగానే టపాకాయ పేల్చాడు. బాపమ్మ సున్నం డబ్బీ తీసింది, ఆకు తీసింది, రాసింది, మడిచింది, నోట్లో పెట్టుకుంది. వేలు తుడుచుకోవడానికి సరోజనక్క తెచ్చిన కాగితం అందుకుంది.

"గా అత్తకు దగ్గు ఎప్పటిసంది ఉన్నది?"

"రాయలేదు అత్తమ్మా," అన్నది చిన్నమ్మ, నేలవైపు చూస్తూ.

"కోడలు సదువు మానేస్తే దగ్గు తక్కువైతదానే? దగ్గుకు దవాఖాన లేదా ఆ ఊర్ల?" బాపమ్మ ఈసారి మూల చింపలేదు. చిరునవ్వు నవ్విన సుజాత మీదనే, కాగితం నడిమధ్యనే, సున్నం వేలు గట్టిగా తుడిచింది. "గిది రాసినోళ్లకు అత్తల సంగతి తెల్వది, కోడండ్ల సంగతి తెల్వది. మనం మొన్న సదివిందే కథ. గిది తీస్కపోయి మల్ల జాడీ కిందనే వెట్టు సరోజనా."

"మరి కండెలు అత్తమ్మా?" అన్నది చిన్నమ్మ.

"కండెలకేమైంది? సదివేటోళ్ల కండెలు ఇనేటోళ్లు చుట్టాలె. ఎప్పటి పద్ధతి అది, ఇయ్యాల నేను పెట్టిన్నా?"

"నువ్వు మనసుల సదువుకుంటె మేం ఎట్ల ఇంటమే, జర పెద్దగ సదువు," అన్నది సరోజనక్క. అందరూ నవ్వారు. చిన్నమ్మ నవ్వబోయి చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆ చలికాలమంతా మా వసారాలో సుజాతల బదులు భౌతికశాస్త్రం, సాంఘికశాస్త్రం వినిపించాయి. కాంతి వక్రీభవనం గురించి బాపమ్మ అభిప్రాయాలు వేరుగా ఉండేవి. రాజుల వంశాలు మాత్రం ఆమెకు బాగా నచ్చాయి. అందులో అత్తాకోడళ్లు ఎక్కడున్నారని అడిగేది, లేరంటే, "మరి వండి పెట్టింది ఎవరట?" అనేది. కండెలు ముగ్గురి గంపల నుంచీ చిన్నమ్మ గంపలో పడుతూనే ఉన్నాయి. చిన్నాయన మగ్గం ఒక్క పూట కూడా ఆగలేదు.

మల్లెలు వచ్చే వేళకు పరీక్షలు వచ్చాయి. మొదటి రోజు పొద్దున బాపమ్మ పెట్టె తెరిచి చిన్నమ్మ పెళ్లి పట్టుచీర తీసింది, మామిడాకు రంగుది, ఎర్ర అంచు. చిన్నమ్మ కాళ్లా వేళ్లా పడింది. "అందరు నవ్వుతరు అత్తమ్మా, అది పెండ్లి కథల చీర."

"నవ్వేటోళ్లు పరీక్షల ఏం రాస్తరు? నువ్వు కట్టు."

కట్టింది. బాపమ్మ మల్లెలు తురిమింది. పెరుగు సద్ది డబ్బా కట్టింది. చిన్నాయన సైకిల్ వెనక కూర్చుని హనుమకొండకు బయల్దేరుతుంటే సందు మొదట్లో ఎవరో, "ఎవరిది పెండ్లి?" అని అడిగారు. ఎప్పుడూ మాట్లాడని మా చిన్నాయన, "లెక్కలది," అన్నాడు. ఆయన జీవితంలో వేసిన జోకుల్లో నాకు తెలిసినది అదొక్కటే, అందుకే జాగ్రత్తగా దాచుకున్నాను.

సాయంత్రం తిరిగి వచ్చిన చిన్నమ్మకు బాపమ్మ మంచినీళ్లు ఇచ్చి, ముఖంలో ఏ నవ్వూ లేకుండా అడిగింది: "అంత మంచిగ అయ్యిందా? బువ్వ మంచిగ వెట్టిండ్రా?"

చిన్నమ్మ ఆ ఏడాది లెక్కలు తప్పింది. సైకిల్ మీద చిన్నాయన అన్న మాట దిష్టిలా తగిలినట్టుంది. బాపమ్మ చీరను ఎండలో వేసి, కొంగు మీద పడిన సిరా మరకను నిమ్మకాయతో రుద్దుతూ, "చీర మంచిదే, లెక్కలే మంచిగ లెవ్వు," అని తేల్చేసింది. మళ్లీ పరీక్షకు కట్టించింది, అదే చీరతో పంపింది, ఆ సారి పాసయింది. మట్టెవాడ అంగన్‌వాడీలో చేరి, వాడ పిల్లలందరికీ కథలు చెప్తూ అక్కడే రిటైరయింది. ఆమె చదవగా విన్న నేను తర్వాత కథలు రాశాను. పత్రికలవాళ్లు వాటిని తిప్పి పంపినంత శ్రద్ధగా మా బంధువులు కూడా నాకెప్పుడూ ఉత్తరాలు రాయలేదు. అచ్చయినవి కొన్ని ఉన్నాయి. వాటిలో దగ్గే అత్తగారు ఒక్కరూ లేరు.

బజ్జీల కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుని, అక్కడి నుంచి నేరుగా చిన్నమ్మ ఇంటికి పోయాను. ఇప్పుడు వాళ్లు హనుమకొండలోనే ఒక అపార్టుమెంటులో ఉంటున్నారు. మట్టెవాడ ఇంటి చోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. మగ్గాలు పోయాయి, జంపఖానాల మీద కూర్చునే పెళ్లిళ్లు పోయి కుర్చీల పెళ్లిళ్లు వచ్చాయి. బాపమ్మ పోయి చాలా ఏళ్లు. వారపత్రిక ఏనాడు రావడం ఆగిపోయిందో మా ఎవరికీ గుర్తులేదు. నేను కథలు ఇప్పుడు ఫోన్లోనే చదువుతాను. వేలితో తోస్తే చివరిదాకా వచ్చేస్తుంది, ఎక్కడా ఆగదు, ఎవరి ఇంటికీ పోనక్కర్లేదు.

చిన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని నూనె కాగితాన్ని దీపం వెలుగుకు ఎత్తి పట్టుకుని చదివింది. గొంతు కొంచెం ముసలిదైంది గానీ ఉన్నది ఉన్నట్టు చదవడం పోలేదు.

"చిన్నమ్మా, ఆ రోజు పట్టుచీర దగ్గర నీకు అనుమానం రాలేదా?" అని అడిగాను, ఇన్నేళ్లకు.

"బువ్వ కాడ వచ్చింది బిడ్డా. కని అచ్చుల గట్లనే ఉండె. నేనేం జేస్త?" నవ్వింది. "ఇగో, ఇది మిగతాది ఏది?"

"లేదు. ఎవరి పొట్లంలోనో పోయింది."

ఆమె ఫోను తీసి మరిపెడకు కలిపింది. సరోజనక్క ఇప్పుడు అక్కడే ఉంటుంది. చెవులు కాస్త తగ్గాయి కాబట్టి చిన్నమ్మ స్పీకరు పెట్టి, పేజీ మొత్తం మళ్లీ మొదటి నుంచి పెద్దగా చదివింది: గుమ్మంలో సుజాత, చేతిలో ఉద్యోగపు కాగితం, లోపల మామగారి జ్వరం, పెరట్లో పళ్లు తోముకునే భర్త. మిగతా 46లో అని చిన్నమ్మ ఆపింది.

"మిగతాది నీ దగ్గర ఉన్నదా సరోజనక్కా?"

"నా దగ్గర ఎందుకు లేదు?" మరిపెడ నుంచి గొంతు ఖంగుమన్నది. "మామకు గోలీ ఏసి, పండ్లు తోముడు అయినంక గా మొగన్ని మామ పక్కన కూసుండవెట్టాలె. ఎన్నిసార్లు తోముతడు? ఆ పిల్లను మాత్రం ఆపద్దు. ఇగో విమలా, ఆమె ఏం చీర కట్టుకున్నదని రాసిండ్రు?"

చిన్నమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "చీర సంగతి రాయలేదే."

"రాయకుంటే మంచిదే. అత్తమ్మ ఉంటె ఏమంటుండె? పట్టుచీర కట్టే పంపుదాం."